షుగరు పద్దు వేరు, కొలెస్టరాల్ పద్దు వేరు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. కడపలోను, కర్నూలులోను ట్రెజరీ లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. అయినా నా ఒంటి లెక్క దగ్గర తప్పు చేశాను. అది చెప్పడానికే నిలబడ్డాను.

రిటైరైన నాలుగో ఏట షుగరు బయటపడింది. మెట్‌ఫార్మిన్‌తో పాటు కొలెస్టరాల్‌కు అటోర్వాస్టాటిన్ రాశారు. వరి అన్నం తగ్గించి కొర్రన్నం, జొన్నరొట్టె పట్టాను. పొద్దున్నే నడక. ఏడాదిలో షుగరు అదుపులోకి వచ్చింది. ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు 310 నుంచి 160కి దిగింది. ఇంకేం, కొవ్వు కూడా కరిగిందనుకొని, ఎవరినీ అడగకుండా రెండో మాత్ర మానేశాను. పద్నాలుగు నెలలకు గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు.

తర్వాత డాక్టరుగారు విడమరచి చెప్పారు. మన కొవ్వు నిల్వలకు ఇన్సులిన్ కాపలాదారు. అది చాలకపోయినా, దాని మాట చెల్లకపోయినా కొవ్వు బయటపడి కాలేయానికి చేరుతుంది. కాలేయం దాన్ని ట్రైగ్లిజరైడ్లుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. మంచి కొలెస్టరాల్ హెచ్.డి.ఎల్. తగ్గుతుంది. అందుకే షుగరు అదుపైతే ట్రైగ్లిజరైడ్లు దిగుతాయి. కాని రక్తనాళాలు పూడడానికి ముఖ్య కారణమైన ఎల్.డి.ఎల్. అంతగా దిగదు. మెట్‌ఫార్మిన్ దాన్ని కొద్దిగానే తగ్గిస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త మందులు గుండెకు మేలు చేసేవే అయినా ఎల్.డి.ఎల్.ను ఒకింత పెంచవచ్చు.

కాలేయంలో కొలెస్టరాల్ తయారీని తగ్గించేది స్టాటిన్ మాత్ర. బ్రిటన్, ఐర్లండ్‌లలో గుండెజబ్బు లేని 2,838 మంది షుగరు రోగులపై జరిగిన 'కార్డ్స్' పరిశోధన ఫలితాలు 2004లో వచ్చాయి. రోజుకు 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం వంటి ప్రమాదాలు 37 శాతం తగ్గాయి.

చెనిక్కాయల నూనెలో కొలెస్టరాల్ లేదు కదా అని ఉగ్గానితో బజ్జీలు లెక్క లేకుండా తినేవారున్నారు. నూనెలో లేకపోయినా మన కాలేయమే దాన్ని తయారు చేస్తుంది.

ఒక పద్దులో మిగులుంటే ఇంకో పద్దులోని లోటు పూడదని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష చేయించుకోండి. మాత్రతో కండరాల నొప్పులు వస్తే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరు మానకండి. నా తప్పు మీలో ఒక్కరికైనా కాపుదల అయితే నాకంతే చాలు.