ముల్లు ముందే చెప్పింది

ఒక మే నెల మధ్యాహ్నం నేను కారులో కూటమునకు వెళ్తున్నాను. ఒంగోలు దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దగ్గరకు వచ్చింది. చూశాను. అయినా "ఇంకా పది కిలోమీటర్లే గదా" అనుకున్నాను. బానెట్ క్రింద నుండి ఆవిరి లేచాక గాని ఆగలేదు. కంగారుగా దిగి, రేడియేటర్ మూత మీద గుడ్డ వేసి తిప్పబోయాను. టీ కొట్టు దగ్గరున్న లారీ డ్రైవరు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "అయ్యగారూ, మొహం కాలిపోద్ది!" అన్నాడు.

నిజమే. మూత బిగించియున్నంతసేపు లోపలి ఒత్తిడి వలన నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీస్తే ఒక్కసారిగా మరిగి పైకి చిమ్ముతుంది. కాబట్టి ముల్లు పైకి లేచిన వెంటనే ఏ.సి. కట్టేయండి. బండి ప్రక్కకు తీసి ఇంజను ఆపండి. కనీసం అరగంట చల్లారనివ్వండి. ఆ తర్వాతనే కూలెంట్ చూడండి. వేడి ఇంజనులో చన్నీళ్లు పోస్తే సిలిండర్ హెడ్ పగలవచ్చు.

ఆ రోజు కూటమునకు గంట ఆలస్యంగా చేరాను. కాని క్షేమంగా చేరాను. ముల్లు ముందే చెప్పింది, విననిది నేనే. ప్రియులారా, ఇంట్లో మన కోపం ఎర్ర గీత చేరినప్పుడు కూడా మూత తీయవద్దు. కాసేపు ఆగుదాం. ప్రభువు మీ ప్రయాణములలో తోడైయుండును గాక. ఆమేన్.