అరియలూరి కవచధారి

తిరుచిరాపల్లికి ఈశాన్యదిశను అరియలూరు అను పట్టణము కలదు. సిమెంటు కర్మాగారములకు సున్నపురాయి త్రవ్వెడి తావుగా నేడు దానికి పేరు. ఆ పరిసరములందలి మెట్టభూములలో నడచువారికి కాళ్ళక్రింద ఆలిచిప్పలు, గుల్లలు, చుట్టలు చుట్టుకొన్న రాతిశంఖములు కానవచ్చుచుండును. ఈ చుట్టరాళ్ళను శాస్త్రజ్ఞులు అమ్మొనైటులందురు. గండకీనదిలో దొరకు సాలగ్రామములను దేవతార్చనపెట్టెలలో చూచిన శ్రోతలకు వీని రూపము క్రొత్త కాదు. ఆ సాలగ్రామములును ఈ కోవకు చెందిన సముద్రజీవుల శిలారూపములే. తీరము నేడు అరియలూరికి చాల దూరము. కాని సుమారు 9 కోట్ల సంవత్సరములకు పూర్వము ఆ ప్రదేశమంతయు లోతు తక్కువైన సముద్రము.

పందొమ్మిదవ శతాబ్దమున బ్లాన్‌ఫర్డ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఇచ్చటి శిలలను పొరలవారీగా పరిశీలించెను. ఫెర్డినాండ్ స్టోలిచ్కా అను మరియొక పండితుడు వానిలోని సముద్రజీవులను ఒక్కొక్కదానిని బొమ్మలతో సహా వర్ణించి సంపుటములు ప్రకటించెను. అటుపిమ్మట నూరేండ్లకు పైగా ఈ శిలలనగా గుల్లల నిలయమని, చుట్టరాళ్ళ గనియని మాత్రమే పండితలోకమున ప్రసిద్ధి. అట్టిచోట ఒక నేలజంతువు, అందును వీపున పలకలు, తోకకు ముండ్లు గల రాక్షసబల్లి దొరకినదని 1979వ సంవత్సరమున ఒక వ్యాసము వెలువడినది. దానిని వ్రాసినవారు భారత భూగర్భ పరిశోధన సంస్థకు చెందిన యాదగిరి, అయ్యసామి గార్లు. ఆ జంతువునకు వారు 'ద్రవిడోసారస్ బ్లాన్‌ఫర్డి' అని నామకరణము చేసిరి. మొదటి భాగము దేశమును తెలుపును. సారస్ అనగా గ్రీకుభాషలో బల్లి. చివరిభాగము బ్లాన్‌ఫర్డ్ పేరిట ఏర్పడినది.

యాదగిరిగారి కృషిఫలమును హైదరాబాదు చూడబోయిన పిల్లలు పలువురు ఎరుగుదురు. బిర్లా విజ్ఞానకేంద్రమున నిలిపియుంచిన మహాకాయపు అస్థిపంజరము, తెలంగాణమునందలి యామన్‌పల్లి యొద్ద దొరకిన ఎముకల కూర్పు. దానికి 1988లో కోటసారస్ అని పేరు పెట్టినవారు వీరే. ఆ జంతువు విషయమున ఎవరికిని పేచీ లేదు. అందులకు కారణము సులభము: అచ్చట దొరకిన ఎముకలు వందలకొలది. అరియలూరిలో దొరకినవి కొద్ది. వివాదమంతయు ఈ కొద్దితనమునుండియే పుట్టినది.

పలకల రాక్షసబల్లులలో మిక్కిలి ప్రసిద్ధమైనది స్టెగోసారస్. అమెరికాలో మార్ష్ అను పండితుడు 1877లో దీనికి ఆ పేరు పెట్టెను. స్టెగోసారస్ అనగా కప్పుగల బల్లి. పెంకుటింటి కప్పుపై పెంకులవలె ఈ పలకలు వీపుమీద వాలి పరుండియుండెడివని ఆయన మొదట తలచెను. అవి నిట్టనిలువుగా నిలిచియుండెడివని తరువాత తేలినది. పేరు మాత్రము మారలేదు. ఈ జంతువు శాకాహారి. శరీరము ఏనుగంత, తల మాత్రము చిన్నది. తోకచివర రెండుజతల ముండ్లు. దంతములు చిన్న ఆకుల ఆకృతి గలవి. అంచున సన్నని పండ్లుండును. సుమారు 15 కోట్ల సంవత్సరముల క్రిందట ఈ కుటుంబము భూమిపై విస్తారముగా వ్యాపించియుండెను. తరువాత క్రమముగా క్షీణించి, క్రిటేషియస్ యుగపు పూర్వార్ధముతో దాని జాడలు అంతరించినవి.

అరియలూరి శిలలన్ననో క్రిటేషియస్ ఉత్తరార్ధమునకు చెందినవి. ద్రవిడోసారస్ దొరకిన పొర వయస్సు సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరములు. అనగా లోకమంతట ఈ కుటుంబము నశించిన పిదప కోటి సంవత్సరములకు పైగా దక్షిణభారతమున మాత్రము అది బ్రతికియున్నదని చెప్పవలసివచ్చును. ఆ కాలమున భారతఖండము ఆసియాకు అంటుకొనియుండలేదు. దక్షిణపు మహాఖండమునుండి విడివడి, మడగాస్కరును కూడ విడిచి, సముద్రమధ్యమున ఉత్తరముగా ప్రయాణము చేయుచుండెను. అన్యత్ర నశించిన ప్రాణి దీవిలో మిగిలియుండుట ప్రకృతిలో వింత కాదు. కావున ఈ వార్త పండితులకు ఎంతయో రుచించినది. పాఠ్యగ్రంథములలో 'కట్టకడపటి పలకలబల్లి' అని ద్రవిడోసారస్ పేరు కెక్కినది.

ఇంతకును దొరకినవేవి? అసంపూర్ణమైన పుర్రె యొకటి, దంతమొకటి, నడుము దగ్గరి త్రికాస్థి, కటిభాగపు ఎముకలు రెండు, కవచపు పలక, ముల్లు అని వారు గుర్తించినవి. ఆ ముల్లు నడుమ ఉబ్బియుండుట ఒక విశేషముగా చెప్పిరి. వీనిలో పుర్రెనే జాతికి ప్రమాణమైన నమూనాగా నిర్ణయించిరి. ఒక జాతికి పేరు పెట్టునపుడు ఇట్లు ఒక నమూనాను నిర్ణయించుట శాస్త్రసంప్రదాయము. తరువాత ఎవరు వాదించినను ఆ నమూనానే ఎదుట పెట్టుకొని వాదింపవలెను.

1996లో పెద్ద ఆక్షేపణ బయలుదేరినది. అమెరికాలో టెక్సాసు విశ్వవిద్యాలయమొకదానిలో పనిచేయుచుండిన శంకర్ ఛటర్జీగారును, కలకత్తాకు చెందిన రుద్రగారును ఆ ప్రదేశమును పరీక్షించి, అవి నేలజంతువు ఎముకలు కానేకావని, ఎండవానలకు అరిగి చెడిపోయిన ప్లీసియోసారు ఎముకలని ప్రకటించిరి. ప్లీసియోసారు సముద్రజంతువు, రాక్షసబల్లుల కుటుంబమునకు చెందినదియే కాదు. దీని మెడ పొడవు, శరీరము తాబేలువలె బల్లపరుపు, కాళ్ళు నాలుగును తెడ్లు. మేరీ ఆనింగ్ అను పేదయింటి యువతి 1823లో ఇంగ్లండు సముద్రతీరపు కొండచరియలో దీని పూర్తి అస్థిపంజరమును త్రవ్వితీసినది. దీని కటిభాగపు ఎముకలు వెడల్పైన రేకులు. అంచులు అరిగి, ముక్కలై దొరకినచో, కవచపు పలకలని భ్రమించుటకు అవకాశము కలదనుట నిజమే. పైగా చుట్టునున్నదంతయు సముద్రపు మట్టి. సముద్రపు మట్టిలో సముద్రజంతువు ఉన్నదనుటలో వింత ఏమున్నది?

ఈ వాదము వినుటకు బలముగా నున్నది. కాని మట్టిని బట్టి జంతువును నిర్ణయించుట నాకు సమ్మతము కాదు. అరియలూరికి అనతిదూరమున సాత్తనూరు అను గ్రామము కలదు. అచ్చట 18 మీటర్ల పొడవుగల ఒక మహావృక్షపు మ్రాను శిలగా మారి పడియున్నది. 1940లో ఎం. ఎస్. కృష్ణన్ గారు దానిని లోకమునకు తెలియజేసిరి. అదియు సముద్రపు మట్టిలోనే ఉన్నది. చెట్టు సముద్రమున మొలవదు గదా! ఏటివరదలో కొట్టుకొనివచ్చి సముద్రగర్భమున మునిగినది. చెట్టు రాగలిగినచోట కళేబరము రాలేదా? కెనడాదేశపు ఆల్బర్టా రాష్ట్రములో 2011వ సంవత్సరమున నూనెయిసుక త్రవ్వెడి గనిలో యంత్రమునకు తగిలిన కవచధారి ఇట్టిదే. బొరియలోపెల్టా అని దానికి 2017లో పేరు పెట్టిరి. నేలపై మేతమేసిన ఆ జంతువు చచ్చి, సముద్రములోనికి తేలిపోయి, అడుగునకు చేరి, చర్మపు పొలుసులతో సహా నిలిచియున్నది.

ఛటర్జీగారి పక్షమును అందరు అంగీకరింపలేదు. పలకలబల్లుల విషయమున ఎన్నో ఏండ్లు పరిశ్రమ చేసిన పీటర్ గాల్టన్, అప్చర్చ్ అనువారు 2004లో ప్రకటింపబడిన ఒక పెద్ద గ్రంథమున ఇట్లు అభిప్రాయపడిరి: పుర్రెయు, పలకయు ప్లీసియోసారువి కావు. ఇది గమనింపదగినది. ఆక్షేపించినవారు ప్రధానముగా నడుము, కాళ్ళ ఎముకలను గూర్చి మాటలాడిరి. సమర్థించినవారు తలను, కవచమును గూర్చి మాటలాడిరి. ఇరువురును నిజమే చెప్పియుండవచ్చును. అలలు ఎన్నో జంతువుల ఎముకలను ఒకచోటికి చేర్చును. ఒకే గోనెసంచిలో రెండిండ్ల ధాన్యము కలసిపోయినట్లు, ఒకే పేరుక్రింద రెండు ప్రాణులు కలసియుండుటయు సంభవమే.

అట్టి కలగూరగంప మనదేశమున ముందొకటి ఉన్నది. జబల్పూరులోని బడాసిమ్లా గుట్టపై దొరకిన ఎముకలను, కవచపు బిళ్ళలను కలిపి మాట్లీ అను శాస్త్రజ్ఞుడు 1923లో 'కవచధారియగు రాక్షసబల్లి' అని వర్ణించి, లమేటాసారస్ అని పేరు పెట్టెను. పండ్రెండేండ్లు గడచినవో లేదో, కాశీకి చెందిన చక్రవర్తి అను పండితుడు ఇది కవచధారియేనా అని ప్రశ్నించెను. నేడు పండితుల అభిప్రాయమేమనగా, నడుము, కాలి ఎముకలు ఒక మాంసాహారివి. బిళ్ళలు వేరొక జంతువువి, బహుశః పొడవుమెడగల శాకాహారివి. రెండింటిని కలిపి కుట్టిన ప్రాణి ఎన్నడును భూమిపై నడువలేదు. ఈ సంగతి తెలిసినవారికి ద్రవిడోసారస్ విషయమున అనుమానము కలుగుట సహజము.

2017లో మరియొక చిన్న మలుపు వచ్చినది. అరియలూరు ప్రాంతముననే కల్లమేడు అనుచోట, ఇంకను అర్వాచీనమైన శిలలలో దొరకిన ఒక పెద్ద ఎముకను పలకలబల్లి పలకయని అంతకుముందు చెప్పియుండిరి. గాల్టనుగారును, 1979 వ్యాసకర్తలలో ఒకరైన అయ్యసామిగారును కలిసి దానిని మరల పరీక్షించి, అది అట్టి పలక కాదని త్రోసివేసిరి. తనకు ప్రీతియైన సిద్ధాంతమునకు ఆసరా కాగల ఎముకను తానే తీసివేసిన అయ్యసామిగారి నిష్పాక్షికత నన్ను ముగ్ధుని గావించినది. ఆ ఆసరా తొలగినపిదప భారముగా మిగిలినది 1979 నాటి నమూనాలే.

నా మట్టుకు నాకు పుర్రెయు, దంతమును ముఖ్యములుగా తోచుచున్నవి. కటిఎముకల ఆకారము అరుగుదలతో మారును. పలకల ఆకారము మరింత మారును. దంతము ఎముకకంటె గట్టిది. పైపూత గాజువలె నిలుచును. ప్లీసియోసారు చేపలను పట్టి తినునది. దాని దంతము మేకువలె పొడవై మొనదేలియుండును. పలకలబల్లి దంతము, పైన చెప్పినట్లు, పండ్లంచుగల చిట్టియాకు. ఈ రెండింటిని చూచిన కంటికి తారుమారు చేయుట కష్టము. ఎముకలోనికి కిరణములు పంపి లోపలిపొరలను చూపు యంత్రములు నేడు వైద్యశాలలందే కలవు. పుర్రెను పగులగొట్టకయే దాని గూడులు, దవుడనాటులు లెక్కింపవచ్చును. పలకనుండి గోరంత ముక్క తీసి పలుచగా అరగదీసి సూక్ష్మదర్శినిలో పెట్టినచో, అది చర్మమున పుట్టిన ఎముకయో, అస్థిపంజరములోనిదో అల్లిక చెప్పును.

ఏటేట వర్షములు వెలసినపిమ్మట ఆ మెట్టనేలలలోని మట్టి కరగి క్రొత్త గుల్లలు బయటపడుచునేయుండును. పశువులు కాచు పిల్లలును, సున్నపుగనుల కూలివారును వానిని మొదట చూచువారు. చుట్టరాళ్ళ నడుమ ఆకువంటి గట్టిదంతమేదైన కనబడినచో దానిని పెకలింపక, చోటు గుర్తుపెట్టి, భూగర్భ పరిశోధన సంస్థవారికి తెలుపుట మంచిది. దంతముతోపాటు అది ఏ పొరలో, ఏ గుల్లల సరసన ఉన్నదో కూడ వారికి కావలెను.