కాలపు కొలతను తెలుగులో రాసిపెడదాం



యూనిక్సు సంప్రదాయంలో కంప్యూటరు కాలాన్ని 1970 జనవరి 1 నుండి గడచిన సెకన్లుగా లెక్కిస్తుంది. ఆ లెక్కకు 32 బిట్ల చోటు మాత్రమే ఉన్నచోట 214,74,83,647 సెకన్లతో పాత్ర నిండుతుంది. భారత కాలమానం ప్రకారం అది 2038 జనవరి 19, ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు. మరుసటి సెకనుకు లెక్క రుణసంఖ్యగా మారి తేదీ 1901కి వెనుదిరుగుతుంది.

పరిష్కారం లేకపోలేదు. 2021 ఆగస్టులో వెలువడిన గ్లిబ్‌సి 2.34 నుండి, 32 బిట్ల లినక్సుకు సి ప్రోగ్రామును కంపైలు చేసేటప్పుడు ‘టైమ్ బిట్స్’ 64 అని నిర్దేశించవచ్చు. ‘ఫైల్ ఆఫ్‌సెట్ బిట్స్’ కూడా 64 కావాలి. లేకుంటే కంపైలు ఆగిపోతుంది. కాలాన్ని ఇచ్చిపుచ్చుకొనే లైబ్రరీలన్నింటికీ అదే కొలత ఉండాలి. లేనిచో ఒకరు కుంచంతో కొలిచినదానిని మరొకరు మానికలుగా లెక్కించినట్లే.

2025లో వచ్చిన డెబియన్ 13, 32 బిట్ల యంత్రాలలో చాలావాటికి కొత్త కొలతను స్వీకరించింది. పాత ప్రోగ్రాముల కోసం ఐ386కు మాత్రం పాతదే ఉంచింది. కనుక పేరు చూచి కొలతను ఊహించరాదు. ఏ కొలతతో, ఏ గ్లిబ్‌సితో, ఏ లైబ్రరీలతో కంపైలు చేశామో, పాత కొలతతో నిల్వచేసిన ఫైళ్ళు ఏవో ప్రోగ్రాముతోపాటే రాసిపెట్టాలి.

హోసూరు, బళ్ళారి, బరంపురం, షోలాపురం, యానాంలలో కంప్యూటరు విద్య నేర్చిన మన బిడ్డలను నేను కోరేది ఒక్కటే: ఆ వివరాన్ని ఆంగ్లంతోపాటు తెలుగులోనూ రాయండి. బడిలో తెలుగుకై పోరాడే మనం పనిలో తెలుగును విడిస్తే, ఆ పోరాటం సగంలోనే ఆగిపోతుంది.