పబ్లిక్ పాలసీ చదువు: సీటు వచ్చాక వేసుకోవలసిన లెక్క
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల పైచదువుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. పెద్ద ఉపన్యాసాలు మాకు చేతకావు. ఈమధ్య మా ముందుకు వచ్చిన ఒక సంగతి మాత్రం మనవి చేస్తాము.

మా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయి ఒకతె, డిగ్రీ పూర్తిచేసి, "సార్, పబ్లిక్ పాలసీలో ఎం.ఏ. చేస్తాను" అంటూ వచ్చింది. వెంట వచ్చిన తండ్రి, "అది చదివితే కలెక్టరు అవుతుందా మాస్టారూ?" అని అడిగాడు. కాదు. కలెక్టరు కావాలంటే సాధారణంగా యు.పి.ఎస్.సి. పరీక్ష రాయాలి. ఈ చదువు వేరు. ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంటే దాని ఖర్చెంత, లాభం ఎవరికి, నష్టం ఎవరికి అన్నది లెక్కగట్టడం ఇందులో నేర్పుతారు.

మనకు తెలిసిన ఉదాహరణే చెప్తాము. 2022లో కేంద్ర ప్రభుత్వం మైనారిటీ పిల్లలకు ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆపివేసింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం కింద ఎనిమిది వరకు చదువు ఉచితమే గదా అన్నారు. మనం బాధపడ్డాము, మీటింగులు పెట్టుకున్నాము. కాని ఆ డబ్బు మన ఇళ్ళలో దేనికి ఖర్చయ్యేది, అది ఆగాక ఎందరు బడి మానారు? ఆ లెక్క మనలో ఎవరమూ రాయలేదు. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు దేశమంతా చదివిందంటే, అందులో అంకెలు ఉన్నాయి గనుకనే. అటువంటి అంకెలు రాయగల బిడ్డలు మనకు కావాలి.

ఇక దరఖాస్తు సంగతి. చాలా సంస్థలు 'ఈ కోర్సు ఎందుకు చదవదలిచావు' అని వ్యాసం అడుగుతాయి. అమ్మాయి మొదట 'దేశసేవ నా ఆశయం' అని రెండు పేజీలు రాసింది. దాని కింద ఎవరి పేరు పెట్టినా సరిపోతుంది! "బేటీ, నువ్వు కళ్ళారా చూసింది రాయి" అన్నాము. ఆదాయం సర్టిఫికెట్ కోసం వాళ్ళమ్మ ఎన్నిసార్లు తిరిగిందో, ఎన్ని రోజుల కూలి పోయిందో రాసుకొచ్చింది. చదువుతూంటే మాకే గొంతు పూడుకుపోయింది. సిఫారసు ఉత్తరం ఎమ్మెల్యేగారి చేత రాయిద్దామన్నాడు తండ్రి. వద్దన్నాము. పాఠం చెప్పిన లెక్చరరు రాస్తేనే విలువ. అదీ గడువుకు రెండు నెలల ముందే అడగాలి.

అల్లా దయవల్ల రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి విదేశంలో, ఒకటి మన దేశంలో. చుట్టాలంతా విదేశమే అన్నారు. తండ్రి ఇంటిస్థలం అమ్మడానికి సిద్ధపడ్డాడు. కొడుకు చదువు ఇంకా మిగిలే ఉంది. మేము అందరినీ కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు కాగితం మీద పెట్టించాము.

ఒకటి, ఏం నేర్పుతారు? అర్థశాస్త్రం, గణాంకాలు, చట్టం, ఊళ్ళో తిరిగి చేసే పని, ఇవన్నీ ఉన్నాయా?

రెండు, మొత్తం ఖర్చెంత? ఇంగ్లండులో ఎం.ఏ. సాధారణంగా ఏడాది. హార్వర్డు కెనడీ స్కూలులో ఎం.పి.పి. రెండేళ్ళు. బెంగుళూరు నేషనల్ లా స్కూలులో 2014లో మొదలైన కోర్సూ రెండేళ్ళే. హైదరాబాదులోనే 2021లో కౌటిల్య స్కూలు వచ్చింది. ఫీజుతో ఆగకుండా అద్దె, తిండి, రానుపోను ఖర్చు, అప్పు తీర్చే ఏళ్ళు కూడా కలుపుకోవాలి.

మూడు, అక్కడ చదివినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారు? సంస్థ వేసిన రంగుల పుస్తకం నమ్మక, పాత విద్యార్థులు ఇద్దరిని అడగాలి.

విదేశం తప్పని మేము అనము. స్కాలర్‌షిప్ దొరికితే తప్పక పంపండి. ఈ అమ్మాయికి అక్కడ దొరకలేదు, ఇక్కడ సగం ఫీజు తగ్గించారు. లెక్క చూసుకుని తనే ఇక్కడ చేరతానంది. స్థలం మిగిలింది, తమ్ముడి చదువూ నిలిచింది.

ఒక్క మనవి. ఈ సెలవుల్లో అమ్మాయి మన మొహల్లాలో ఇల్లిల్లూ తిరిగి, స్కాలర్‌షిప్ ఆగాక బడి మానిన పిల్లల లెక్క రాస్తానంటోంది. మీ తలుపు తడితే కూర్చోబెట్టి, సిగ్గుపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అంతకన్నా మేము కోరేది లేదు.

శెలవు. ఖుదా హాఫిజ్.