లండన్ ఎన్ని గంటల దూరం?

దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ఇళ్ల నుంచి పిల్లలు పైచదువులకు వెళ్లే లండన్, శంషాబాద్ విమానాశ్రయానికి భూగోళం వంపు వెంట దాదాపు 7,750 కిలోమీటర్లు. నేరుగా వెళ్లే విమానానికి పోయేటప్పుడు సుమారు పది గంటలు పడితే, వచ్చేటప్పుడు దాదాపు గంట కలిసొస్తుంది. దూరం అదే, తేడా గాలిది. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీచే జెట్ ప్రవాహం పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. ఒకవైపు పోయింది మరోవైపు వస్తుంది కదా, లెక్క సరిపోలేదా అంటారా? సరిపోదు. గంటకు 900 కిలోమీటర్ల విమానానికి 100 కిలోమీటర్ల గాలి తగిలిందనుకోండి: పోవడానికి 9 గంటల 41 నిమిషాలు, రావడానికి 7 గంటల 45. గాలే లేకుంటే రానూపోనూ 17 గంటల 13 నిమిషాల్లో ముగిసేది, ఇప్పుడు 13 నిమిషాలు ఎక్కువ. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి నష్టమే పైచేయి.

టికెట్టు మీది వేళల్ని ఒకదాన్నుంచి ఒకటి తీసివేసి చూస్తే ఇదేదీ తెలియదు. అవి ఏ ఊరి గడియారం ఆ ఊరివి. లండన్ మనకంటే చలికాలంలో ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు వెనక. ఇక 2018లో ఎల్‌బీ నగర్‌కు వచ్చిన మెట్రో శంషాబాద్ దాకా పోదు గనుక, ఆ రోడ్డు ప్రయాణం, విమానాశ్రయంలో తనిఖీల సమయం విడిగా కలుపుకోవాలి.