కృష్ణ నీళ్ళలో ఆడవాళ్ళ మాట



ఈ పూట మాట కృష్ణానది గురించి. కృష్ణమ్మ మహారాష్ట్రలో మహాబలేశ్వరం కొండల్లో పుడుతుంది. కర్ణాటక మీదుగా వస్తుంది. తెలంగాణ, ఆంధ్ర దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దాదాపు 1,400 కిలోమీటర్ల నడక. నది ఒకటే. రాష్ట్రాలు నాలుగు. తగువు రాకుండా ఉంటుందా?

ఇలాంటి తగువులు తీర్చడానికి 1956లో ఢిల్లీలో చట్టం చేశారు. దాని ప్రకారం ట్రిబ్యునల్ వేస్తారు. ట్రిబ్యునల్ అంటే నీళ్ళ తగువు తీర్చే న్యాయస్థానం అనుకోండి. 1969లో బచావత్ అనే జడ్జిగారి ట్రిబ్యునల్ వేశారు. 1976లో తుది తీర్పు వచ్చింది. మహారాష్ట్రకు 560 టి.ఎం.సి.లు, కర్ణాటకకు 700, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800.

పేపర్లో 'టి.ఎం.సి.' అని తరచూ కనబడుతుంది కదా! ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు. లీటర్లలో సుమారు 2,831 కోట్లు. 15 లీటర్ల బిందెతో ముంచితే 189 కోట్ల బిందెలు దాకా అవుతాయి. బిందె మోసేవాళ్ళకి ఈ లెక్క ఇంజనీర్ల కంటే బాగా తెలుస్తుంది.

2014లో రాష్ట్రం రెండయింది. మళ్ళీ వాటాల గొడవ. వాడగా తిరిగి నదిలో చేరే నీటితో కలిపి 811 టి.ఎం.సి.లు. 2015లో తాత్కాలికంగా ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. పంపకం తేల్చే పని 2023లో బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించారు.

అక్కడ మాట్లాడేది ఎవరు? ప్రభుత్వాల తరఫున లాయర్లు, ఇంజనీర్లు. నల్గొండలో ఫ్లోరైడు నీళ్ళు తాగి నడుం వంగిపోయినామె అక్కడ లేదు. కాలవ కట్టేసేలోపు మంచినీళ్ళ చెరువు నిండుతుందా అని చూసే దివిసీమ ఆవిడా లేదు. ఈ ఇద్దరికీ పగ దేనికి? ఇద్దరి బాధా తాగే నీళ్ళే.

1997లో ఉమ్మడి రాష్ట్రంలో రైతుల నీటి సంఘాల చట్టం వచ్చింది. మంచిదే. కానీ ఓటు భూమి రికార్డులో పేరున్నవాళ్ళకే. నాట్లు వేసేది, కలుపు తీసేది ఆమె. పాసుపుస్తకం ఆయన పేరు. ఇంకేం ఓటు!

ఇంకో చోటుంది. పెద్ద ప్రాజెక్టులకు చాలావాటికి ముందుగా 'ప్రజాభిప్రాయ సేకరణ' జరపాలి. 2006 నాటి నిబంధనల ప్రకారం కనీసం 30 రోజుల ముందు తెలుగు పేపర్లో ప్రకటన వేయాలి. కలెక్టరు గానీ, ఆయన పంపిన అధికారి గానీ కూర్చుంటారు. అక్కడ పాసుపుస్తకం అడగరు. నోటితో చెప్పొచ్చు, కాగితం మీద రాసివ్వొచ్చు. చెప్పినంత మాత్రాన అంతా మారిపోదు. కానీ చెప్పని మాట ఢిల్లీకి అసలే చేరదు.

కాగితంలో పెద్ద మాటలు అక్కర్లేదు. ఊరి పేరు, ఎన్ని ఇళ్ళు, ఏ నెలలో నీళ్ళు ఎండిపోతాయి, బిందె ఎంత దూరం మోస్తున్నారు – ఇవి చాలు. కింద సంతకం. నకలు ఒకటి దగ్గర ఉంచుకోవాలి.

ఆఖర్న, జనం చెప్పినవన్నీ అధికారులు తెలుగులో చదివి వినిపించాలి. బస్సు టైమయిందని చాలామంది అప్పుడే లేస్తారు. లేవకండి. చెప్పిన మాట అందులో లేకపోతే, "మా ఊరి సంగతి రాయలేదండీ" అని అక్కడే అడగండి.