వాడి పారవేయుట – వాడి దాచుకొనుట
(గ్రంథాలయ రజతోత్సవ ప్రసంగపాఠము)



గ్రంథాలయమునందలి పుస్తకము ఒక చేతినుండి మరియొక చేతికి పోవును. ఎందరు చదివినను తిరిగి బీరువాలోని తన చోటికే వచ్చును. అట్ట చినిగినచో క్రొత్త అట్ట వేయుదురు. వస్తువును గౌరవించు ఈ పద్ధతి ఒకప్పుడు ప్రతి వంటయింటను ఉండెడిది. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు వచ్చి ఆ పద్ధతిని మరపించినది.

పాలిథీను 1933లో ఇంగ్లండునందలి ఒక ప్రయోగశాలలో అనుకోకుండ లభించినది. తేలికగా నుండుట, తడికి చెడకుండుట, చౌకగా దొరకుట అను మూడు గుణములచే అది లోకమంతటను వ్యాపించినది. చెడకుండుటయే దాని గుణము, దోషమును అదియే. అంగడినుండి కూరగాయలు ఇంటికి తెచ్చుటకు పావుగంట చాలును. ఆ సంచి మాత్రము తరతరములు మట్టిలో మిగులును. ఎండకు పెళుసై తునకలగునే కాని కుళ్లదు. ఆ తునకలు చేలలోను చెరువులలోను చేరును.

ఈ కీడును ముందుగా అనుభవించునవి నోరులేని పశువులు. మిగిలిన అన్నమును సంచిలో ముడివేసి వీథిలో పారవేసినచో, ఆవు ఆ సంచితోకూడ మ్రింగును. అది అరుగదు. కడుపులో ఉండలుకట్టి మేతకు చోటు లేకుండ చేయును. కడుపు నిండినట్లు కనబడుచునే ఆవు కృశించి మరణించును. పొయ్యిలో వేసి కాల్చుటయు తగదు; ఆ పొగ వంటచేయువారికిని ప్రక్కనున్న శిశువునకును హానికరము.

కేంద్ర ప్రభుత్వము ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగువానిని 2022 జూలై 1 నుండియు, 120 మైక్రానులకంటె పలుచని చేతిసంచులను ఆ సంవత్సరము డిసెంబరు 31 నుండియు నిషేధించినది. చట్టము అంగడి వాకిటివరకే రాగలదు. ఇంటిలోపల పనిచేయవలసినది ఇంటివారి వివేకము.

అందులకు క్రొత్త వస్తువులను వెదకనక్కరలేదు. అంగడికి గుడ్డసంచి, ఊరగాయకు జాడీ, అంట్లకు కొబ్బరిపీచు, స్నానమునకు బీరపీచు చాలును. మట్టికుండ సన్నని రంధ్రములగుండ చెమర్చిన నీరు ఆవిరియగుచు లోని వేడిమిని గొనిపోవును. కావున నీరు చల్లబడును. విందులకు కోనసీమలో అరటియాకు, తెలంగాణమున మోదుగ విస్తరి, మన్యమున గిరిజనులు కోసి కుట్టు అడ్డాకు విస్తరి కలవు. వీని వెల కుట్టిన చేతికే చేరును. మేదరులు అల్లిన తట్టను, కుమ్మరులు చేసిన కుండను ఒక్క తరము కొనుట మానినచో, మరుతరమున ఆ పని నేర్చువారుండరు. అటుపిమ్మట ధనమిచ్చినను అవి లభింపవు.

అయినను రెండు విషయములు గమనింపదగినవి. కాగితపు గ్లాసు పేరునకే కాగితము. తడి పీల్చకుండుటకై దాని లోపల సాధారణముగా పలుచని ప్లాస్టిక్కు పూత ఉండును. మరియు, ఇంటనున్న ప్లాస్టిక్కు బకెట్టును నేడే పారవేయుట వివేకము కాదు. అది పగులువరకు వాడి, పిమ్మట ఇత్తడిదో ఇనుపదో కొనుట మేలు. గుడ్డసంచియు పలుమారులు వాడిననే సార్థకమగును.

పెండ్లిండ్లకు వందలకొలది పళ్లెములు ఎచటినుండి వచ్చునని కొందరు అడుగవచ్చును. సిద్దిపేట జిల్లా గ్రామములలో ఏర్పడిన ‘స్టీలు బ్యాంకులు’ దీనికి సమాధానము. పళ్లెములను, గ్లాసులను శుభకార్యములకు ఎరువిచ్చి, కడిగిన పిమ్మట తిరిగి తీసికొందురు. ఇది గ్రంథాలయ ధర్మమే కదా! ప్రతి కుటుంబము నాలుగేసి పళ్లెములు సమర్పించినచో గ్రామమున నిట్టి భాండాగారము ఏర్పడగలదు. ఇరువదియైదేండ్లు పుస్తకముల లెక్క చూచిన సంస్థకు పళ్లెముల లెక్క భారము కాదు.

గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!